మెత్తటి సిపాయా, గట్టి సిపాయా? బల్ల మీద యుద్ధానికి బొమ్మలు కొనేముందు

"ఏ పెయింటు మంచిదన్నా?" అని అడుగుతారు అందరూ, బొమ్మల డబ్బా ఇంకా విప్పనైనా విప్పకుండా. నేను మాత్రం ముందు బొమ్మ చూపించమంటాను. దాని చేతిలో ఉన్న ఈటెనో తుపాకీనో వేలితో మెల్లగా వంచి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. వంగి మళ్లీ లేచి నిలబడితే ఒక దారి, వంగనని మొండికేస్తే ఇంకో దారి. జిగురు, ప్రైమరు (పెయింటుకు ముందు వేసే అడుగు పూత), పెయింటు, వార్నిషు, ఆఖరికి అచ్చు రెండు సగాలు కలిసిన చోట బొమ్మ మీద మిగిలే అచ్చు గీతలు తీసే పద్ధతి కూడా ఆ ప్లాస్టిక్ ఏదన్నదాన్ని బట్టే మారిపోతాయి. ఇది తెలియక నేను రెండు డబ్బాల సిపాయిలను ఖరాబు చేసుకున్నాను, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

మన వరంగల్లో ఈ ఆట ఆడేవాళ్లు ఎక్కువ లేరు. హన్మకొండలో మేం నలుగురం ఉన్నాం. ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంట్లో డైనింగ్ టేబుల్ ఖాళీ చేయించి, ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు పడి, దాని మీద గుట్టలు, చెరువు కట్టలు పేర్చి, టేపుతో అంగుళాలు కొలుచుకుంటూ దళాలను జరిపి, పాచికలు వేసి కొట్టుకుంటాం. నేను తలకెత్తుకున్నది 1323 నాటి ఓరుగల్లు ముట్టడి. బయట మట్టికోట, లోపల రాతికోట, కందకం, గోడల మీద కాకతీయ సైన్యం, బయట ఢిల్లీ సైన్యం. చెప్పడానికి బాగుంటుంది కానీ రెండు వైపులా కలిపి మూడు వందల బొమ్మలు కావాలి, అన్నింటికీ రంగు వేయాల్సింది నేనొక్కడినే. ఎన్ని బొమ్మలు కావాలి అన్న ఈ లెక్కే, ఏ ప్లాస్టిక్ కొనాలన్నది కూడా తేలుస్తుంది.

దొరికే రకాలు స్థూలంగా నాలుగు.

మొదటిది మేడారం జాతరలోనో, ఏ బొమ్మల దుకాణంలోనో ప్యాకెట్లో వచ్చే ఆకుపచ్చ సిపాయిలు. నా చిన్నప్పుడు జాతర నుంచి వస్తూ కొనిపించుకున్నవి అవే. రెండంగుళాల ఎత్తు, ముఖంలో ముక్కు ఎక్కడుందో కూడా తెలియదు. ఆటకు పెద్దగా పనికిరావు కానీ ప్రైమరు ఎలా పట్టుకుంటుంది, పెయింటులో నీళ్లు ఎంత కలపాలి అని తెలుసుకోవడానికి వీటికంటే చవకైన బడి లేదు. ఒక ప్యాకెట్ తెచ్చి పాడు చేయండి.

రెండోది 1/72 స్కేలు, అంటే అసలు సైజులో 72వ వంతు ఉండే మెత్తటి ప్లాస్టిక్. ఈ చిన్న సైజు సిపాయిలను 1959లో ఎయిర్‌ఫిక్స్ జనంలోకి తెచ్చింది. ఇప్పుడు ఇటాలెరి, జ్వెజ్డా, హ్యాట్, స్ట్రెలెట్స్ లాంటి కంపెనీలు రోమన్ల దగ్గర్నుంచి రెండో ప్రపంచయుద్ధం దాకా చేస్తున్నాయి. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి ఈ స్కేలులో సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటాడు. ఒక డబ్బాలో కాల్బలం అయితే 40, 50 మంది దాకా వస్తారు.

మూడోది 28 మిల్లీమీటర్ల ఎత్తుండే గట్టి ప్లాస్టిక్, అంటే పాలిస్టైరిన్. పెర్రీ, విక్ట్రిక్స్, వార్లార్డ్, గేమ్స్ వర్క్‌షాప్ చేసేవి ఇవే. ఫ్రేముకు అతుక్కుని తలలు, చేతులు, ఆయుధాలు విడివిడిగా వస్తాయి, మనమే కత్తిరించి అతికించుకోవాలి. తలలు, అరచేతులు కావాలనే కొంచెం పెద్దగా చేస్తారు కాబట్టి రంగు వేయడం సులువు. కానీ ఒక్కో బొమ్మ ధర 1/72 దాంతో పోలిస్తే ఎన్నో రెట్లు, పైగా దిగుమతి సరుకు కాబట్టి కస్టమ్స్, కొరియర్ అన్నీ కలిసి చేతికొచ్చేసరికి ధర చూసి మనసు చివుక్కుమంటుంది.

నాలుగోది రెజిన్‌లో త్రీడీ ప్రింట్ చేయించుకోవడం. కావాల్సిన బొమ్మ, కావాల్సిన వేషంలో దొరుకుతుంది, నునుపు కూడా గొప్పగా ఉంటుంది. అయితే సన్నటి ఈటె కిందపడితే రెండు ముక్కలు. ఇసుక కాగితంతో రుద్దినప్పుడు లేచే ధూళి పీల్చకూడదు, తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే సేనాపతుల్లాంటి ఒకటీ రెండు బొమ్మలకు తప్ప దీని జోలికి పోను.

చేతిలో ఉన్నది ఏ ప్లాస్టికో డబ్బా మీద రాసి లేకపోతే వంటింట్లో తేల్చేయొచ్చు. గ్లాసు నీళ్లలో ఒక చుక్క అంట్లు తోమే లిక్విడ్ వేసి, గాలి బుడగలు అంటుకోకుండా బొమ్మను ముంచి వదలండి. తేలితే అది పాలిథీన్, అంటే పెయింటు అంత తేలిగ్గా పట్టని మెత్తటి రకం. మునిగితే పాలిస్టైరినో పీవీసీనో అయ్యుంటుంది. అప్పుడు గ్లాసులో నాలుగు చెంచాల ఉప్పు బాగా కలపండి, పాలిస్టైరిన్ పైకి తేలుతుంది, పీవీసీ అడుగునే ఉంటుంది. బోర్డు గేముల డబ్బాల్లో వచ్చే బొమ్మలు చాలావరకు పీవీసీవే. వాటి మీద కొన్ని స్ప్రేలు ఎన్ని రోజులైనా ఆరకుండా జిగురుజిగురుగానే ఉండిపోతాయి కాబట్టి, అన్నింటికీ కొట్టేముందు ఒక్కదానికి కొట్టి రెండు రోజులు ఆగండి.

ఇక ఏది కొనాలి? పది, పదిహేను మంది సిపాయిలతో చిన్న కొట్లాట ఆడాలనుకుంటే కళ్లు మూసుకుని 28 గట్టి ప్లాస్టిక్ కొనండి. ఖరీదు ఎక్కువైనా తప్పు చేస్తే దిద్దుకోవచ్చు, గీకితే గీకినట్టు వస్తుంది, అతికిస్తే అతుక్కుంటుంది. నాలాగా కోటలు, ముట్టడులు అని కలలు కంటే మాత్రం 1/72 తప్ప దారి లేదు, జేబు కూడా ఒప్పుకోదు. అయితే మెత్తటి ప్లాస్టిక్ చవక అనుకుని మొదటిసారే దాంతో మొదలుపెట్టేవాళ్లు సగంలో మానేయడం చూశాను. కొన్నప్పుడు మిగిలిన డబ్బులు ఓపిక రూపంలో కట్టాలి.

విప్పడం, గీకడం, అతికించడం

మెత్తటివి, గట్టివి రెండింటికీ కలిసే పని ఒక్కటే, కడగడం. అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు బొమ్మల మీద మిగిలి ఉండొచ్చు, మెత్తటి వాటికి ఇది మరీ ముఖ్యం. గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్, పాత టూత్ బ్రష్. ఫ్రేము నుంచి కత్తిరించకముందే కడిగితే వెతుక్కునే బాధ ఉండదు. నేను ఒకసారి కత్తిరించాక సింకులో కడిగి ఇద్దరు విలుకాళ్లను కాలువపాలు చేశాను.

గట్టి ప్లాస్టిక్ మీద అచ్చు గీతను బ్లేడు వీపుతో గీకితే సన్నటి పొట్టులా లేచిపోతుంది. మెత్తటిదాన్ని అలా గీకారంటే నూగు లేస్తుంది, ముందున్న గీతే నయమనిపిస్తుంది. దానికి కొత్త బ్లేడుతో పల్చగా కోయాలి, గీకకూడదు. నేను ఎంజీఎం ఆసుపత్రి దగ్గర సర్జికల్ షాపుల్లో 11 నంబరు బ్లేడ్లు, దానికి పట్టే 3 నంబరు హ్యాండిలు తెచ్చుకుంటాను. హాబీ కత్తుల ముందు ఇవి చాలా చవక, పదును ఎక్కువ. ఎక్కువంటే నిజంగానే ఎక్కువ, బొటనవేలు జాగ్రత్త. 1/72లో బల్ల మీద మూడడుగుల దూరం నుంచి చూసేవాటికి, ముఖం మీద, తలపాగా మీద ఉన్న గీతలు తీస్తే చాలు, కాళ్ల వెనకాల ఉన్నవాటిని నేను పట్టించుకోవడం మానేశాను.

జిగురు విషయానికొస్తే, గట్టి ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ సిమెంట్ అనే పల్చటి ద్రవం ఉంటుంది. అది అతికించదు, రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది, ఆరాక లాగినా ఊడదు. ఫెవిక్విక్‌తోనూ పని జరుగుతుంది, కాకపోతే ఆ అతుకు పెళుసు, కింద పడితే చెయ్యి ఊడుతుంది. మెత్తటి పాలిథీన్ మీద మాత్రం ప్లాస్టిక్ సిమెంట్ అసలు పనిచేయదు, ఫెవిక్విక్ కూడా పట్టినట్టే పట్టి గోటితో తోస్తే వచ్చేస్తుంది. రౌతును గుర్రం మీద నిలబెట్టాలంటే సన్నటి రంధ్రం చేసి గుండుసూది ముక్క దూర్చడమే. ఖాళీలు పూడ్చడానికి, తలపాగాలు, ధోవతులు కొత్తగా చేసుకోవడానికి బయటి నుంచి ఖరీదైన పుట్టీ తెప్పించుకోనక్కర్లేదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం-సీల్ చాలు. రెండు ముద్దలూ సమంగా పిసికి, వేలికి నీళ్లు తడుపుకుంటూ దిద్దితే రాయిలా గట్టిపడుతుంది. మరీ సన్నటి మడతలు మాత్రం రావు.

ప్రైమరు దగ్గర పిసినారితనం వద్దు

చేర్యాల నకాశీలు పటం గీసేముందు బట్టకు ఏం చేస్తారో చూసినవాళ్లకు ప్రైమరంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి, జిగురు కలిపి పూత మీద పూత వేసి ఆరబెట్టాకే బట్ట మీద రంగు పెడతారు. అడుగు పూత లేకపోతే ఎంత మంచి రంగైనా నిలవదు. మనదీ అదే పని, బట్టకు బదులు ప్లాస్టిక్, అంతే తేడా.

ఇక్కడ మూడు దారులున్నాయి. హాబీ కంపెనీల స్ప్రే ప్రైమర్లు, ఆటోమొబైల్ షాపుల్లో దొరికే బూడిదరంగు ప్రైమర్ డబ్బాలు, బ్రష్‌తో పూసే అక్రిలిక్ ప్రైమర్లు. హాబీ స్ప్రే పూత పల్చగా పడుతుంది, ముఖంలో కన్నూ ముక్కూ పూడిపోవు. కానీ లోపల గ్యాస్ ఉంటుంది కాబట్టి విమానంలో పంపరు, మన ఊరికి రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి ఆర్డరే తీసుకోరు. బండ్లకు కొట్టే గ్రే ప్రైమరు 400 మిల్లీలీటర్ల డబ్బా ఏ ఆటోమొబైల్ షాపులో అడిగినా ఇస్తారు, గట్టి ప్లాస్టిక్ మీద నాకైతే బాగానే పనిచేసింది. ఒక్క షరతు ఉంది. దగ్గరి నుంచి తడిసిపోయేలా కొడితే అందులోని థిన్నర్ పాలిస్టైరిన్‌ను కొంచెం కరిగిస్తుంది, బొమ్మ ముఖం మైనంలా నునుపు తేలిపోతుంది. జానెడుకు తగ్గకుండా దూరం పెట్టి, చెయ్యి ఆపకుండా, పల్చగా రెండు మూడు విడతలుగా కొట్టాలి.

మెత్తటి పాలిథీన్ కోసం నేను చివరికి కనుక్కున్న మందు కూడా బండ్ల షాపులోదే. బంపర్లకు రంగు కొట్టేముందు వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ ప్రైమరు ఒకటుంటుంది, రంగు పట్టని ప్లాస్టిక్ మీద పట్టు కోసమే దాన్ని చేస్తారు. అడిగితే షాపాయన నన్ను కిందా మీదా చూసి "ఏ బండికన్నా?" అన్నాడు. బండి కాదు, సైన్యానికి అంటే నవ్వాడు. ముందు అది పల్చగా ఒక పూత, దాని మీద మామూలు గ్రే. దీంతో ఈటెలు వంచినా పెయింటు పెచ్చులు లేవడం చాలావరకు తగ్గింది, పూర్తిగా ఆగిందని మాత్రం అనను. స్ప్రే వద్దనుకునేవాళ్లకు పాతకాలం ఉపాయం, తెల్ల ఫెవికాల్‌లో కాసిన్ని నీళ్లు కలిపి బొమ్మంతా పూయడం. అది ఆరాక సాగే పొరలా మారి బొమ్మను చుట్టేసినట్టు పట్టుకుంటుంది, దాని మీద అక్రిలిక్ హాయిగా నిలుస్తుంది. కాకపోతే నీళ్లు తగిలితే మెత్తబడుతుంది కాబట్టి పైన వార్నిషు తప్పనిసరి.

ఇంకొకటి, వాతావరణం. డబ్బాల మీద రాసే సూచనలు చల్లటి దేశాలవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మే నెలలో మిట్టమధ్యాహ్నం మన డాబా మీద స్ప్రే కొడితే పెయింటు బొమ్మను చేరేలోపే గాల్లో ఆరిపోయి, బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. వానాకాలంలో ఇంకో తంటా, గాల్లో తేమకు మ్యాట్ (మెరుపు లేని) వార్నిషు తెల్లగా పొగమంచులా కమ్ముకుంటుంది. దసరా దాటాక మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా, ఎండ పైకొచ్చి మంచు ఆరిన తర్వాత ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్య కొట్టేవి నాకు ఎప్పుడూ బాగా వచ్చాయి. ఎండాకాలం, వానాకాలం బ్రష్ పనికి వదిలేసి, స్ప్రే పనంతా చలికాలంలో ఒకేసారి కానిచ్చేస్తాను.

పెయింటు: ఇక్కడ మిగుల్చుకోవచ్చు

వల్లేహో, సిటాడెల్ లాంటి హాబీ పెయింట్లకూ స్టేషనరీ షాపులో దొరికే క్రాఫ్ట్ అక్రిలిక్‌లకూ తేడా ఉందా అంటే ఉంది. హాబీ వాటిలో రంగు పొడి మెత్తగా నూరి ఉంటుంది, పల్చగా వేసినా కప్పుతుంది. క్రాఫ్ట్ వాటిలో రంగు కొంచెం గరుకు, నీళ్లు ఎక్కువైతే గీతలు గీతలుగా విడిపోతుంది, తక్కువైతే వివరాలు పూడిపోతాయి. పసుపు, ఎరుపు అయితే మూడు పూతలు వేసినా అడుగు కనిపిస్తూనే ఉంటుంది. కానీ ఒక వల్లేహో సీసా డబ్బులతో ఫెవిక్రిల్ లాంటివి అరడజను పైనే వస్తాయి. వల్లేహో పాత సీసాలు 17, కొత్తవి 18 మిల్లీలీటర్లు, చుక్కలుగా పడే మూతి. సిటాడెల్ మామూలు రంగులు 12 మిల్లీలీటర్లు, మూత తీసి ముంచుకునే డబ్బా, అది మన ఎండలకు త్వరగా గట్టిపడిపోతుంది. అందుకే కొంటే చుక్కల సీసాలే కొనమంటాను.

నా పద్ధతి మిశ్రమం. గుర్రాలు, కర్రలు, తోలు, నేల, కోటగోడలు, ధోవతులు అన్నీ క్రాఫ్ట్ అక్రిలిక్‌తోనే. ఎరుపు, పసుపు, ఇత్తడి, ఇనుము, ఈ నాలుగూ మాత్రం హాబీవి. లోహపు రంగుల్లో తేడా మూరెడు దూరం నుంచే కనిపిస్తుంది, చవకవాటిలో మెరుపు రేకులు పెద్దవిగా ఉండి కత్తి మీద పెళ్లికార్డు తళుకులు అంటినట్టు ఉంటుంది. ఒంటి రంగు మాత్రం దిగుమతివి చూసి మోసపోకండి, "ఫ్లెష్" అని రాసి ఉన్నవి చాలావరకు గులాబీ రంగులో ఉంటాయి, అవి పూస్తే కాకతీయ సిపాయి లండన్ నుంచి దిగినట్టుంటాడు. బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ)లో కొంచెం యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలిపితే మన రంగు వస్తుంది. ఒక్కో పదిమందికి పాళ్లు కాస్త మార్చితే దళం నిజం మనుషుల్లా కనిపిస్తుంది.

సంఖ్య ఎక్కువున్నవాళ్లకు ఇంకో ఎంపిక ఉంది. సిటాడెల్ 2019లో కాంట్రాస్ట్ అని తెచ్చింది, లేత రంగు ప్రైమరు మీద ఒక్క పూత వేస్తే గుంటల్లో ముదురుగా, ఎత్తుల మీద లేతగా అదే సర్దుకుంటుంది. ఆర్మీ పెయింటర్ స్పీడ్‌పెయింట్ కూడా అలాంటిదే, కాకపోతే 2022లో వచ్చిన మొదటి రకం ఆరాక కూడా తడి తగిలితే మళ్లీ కరిగేది, తర్వాతి 2.0లో అది సరిచేశారు. పాత స్టాకు తగ్గింపు ధరకు వస్తోందంటే సీసా మీద 2.0 ఉందో లేదో చూసుకోండి. మడతలున్న బట్టలు, గుర్రపు జూలు, తలపాగాలకు ఇవి బ్రహ్మాండం, నున్నటి డాలు మీద మాత్రం మరకలు కడతాయి. నా లెక్కలో వీటి ఖరీదుకు న్యాయం జరిగేది 28 మీదే. 1/72 సిపాయికి క్రాఫ్ట్ రంగులు చదునుగా వేసేసి, ముదురు గోధుమ అక్రిలిక్‌ను నీళ్లలో బాగా పల్చన చేసి ఒక బొట్టు సబ్బు లిక్విడ్ కలిపి ఒళ్లంతా పూస్తే, ఆ పల్చటి రంగు గుంటల్లోకి దిగి అదే అందం సగం వస్తుంది.

బ్రష్‌ల గురించి రెండు ముక్కలు. చిన్న బొమ్మలకు చిన్న బ్రష్ అనుకుని 000 కొనకండి, పెయింటు బొమ్మను చేరేలోపు కొనమీదే ఆరిపోతుంది. మంచి మొన ఉన్న 1 నంబరు ఒకటి, పాడైపోయినా ఫరవాలేని చవకవి నాలుగు. ప్లేటుకు బదులు టిఫిన్ డబ్బా మూతలో తడి స్పాంజి, దాని మీద బటర్ పేపర్ పరిచి రంగు దాని మీద పెట్టుకుంటే ఏప్రిల్‌లో కూడా రెండు గంటలు తడిగా ఉంటుంది.

ఆటలో బొమ్మలను అందరూ చేత్తో పట్టుకుంటారు, మిర్చి బజ్జీ తిన్న చేత్తో కూడా పట్టుకుంటారు, చెప్పినా వినరు. కాబట్టి వార్నిషు. గ్లాసీ వార్నిషు గట్టిది కానీ పెళ్లికొడుకులా మెరుస్తుంది, మ్యాట్ చూపుకు బాగుంటుంది కానీ అంత ఓర్చుకోదు. మెత్తటి బొమ్మలకు ముందు గ్లాసీ, అది ఆరాక మ్యాట్, రెండూ బ్రష్‌తో పూసే అక్రిలిక్‌వే మంచివి. గట్టి వాటికి ఒక పూత మ్యాట్ చాలు. స్ప్రే చేశాక తెల్లగా కమ్ముకుంటే బెంబేలు పడకండి, పొడి రోజున మళ్లీ ఒక పూత గ్లాసీ కొడితే చాలాసార్లు ఆ తెలుపు పోతుంది.

బొమ్మల అడుగున అంటించే బేసులకు హార్డ్‌వేర్ షాపులో ఇనుప వాషర్లు తూకానికి దొరుకుతాయి. మెత్తటి బొమ్మలు ఫ్యాను గాలికి పడిపోకుండా బరువు వస్తుంది, అడుగున అయస్కాంతపు షీటు వేసిన డబ్బాలో పెడితే బండి మీద కాజీపేట దాకా తీసుకెళ్లినా కదలవు. వాటి మీద ఫెవికాల్ పూసి జల్లించిన మొరం చల్లితే మన నేల రంగు అదే వచ్చేస్తుంది, కొనక్కర్లేదు, రంగు వేయక్కర్లేదు. జల్లించాక పెనం మీద కాసేపు వేయించండి, లేకపోతే పురుగులు బయల్దేరతాయి.

నా ముట్టడి సంగతి అడుగుతారేమో. కోటలోపలి కాల్బలం రెండు వందలు 1/72లో పూర్తయింది, ఢిల్లీ గుర్రపుదళం సగంలో ఉంది, సేనాపతులు ఇద్దరు రెజిన్‌లో ప్రింట్ చేయించినవి. ఏనుగులు మాత్రం ఇంకా ప్రైమరు దగ్గరే ఆగిపోయాయి. గ్రే ప్రైమరు కాబట్టి ఎవరైనా అడిగితే అవి అయిపోయాయనే చెబుతున్నాను.